చావనన్న అమ్మ

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తుండే ఉంటుంది. తెర మీద అమ్మ వేషాల్లో దగ్గి దగ్గి, చచ్చీ చచ్చీ విసిగిపోయిన మన దగ్గులమ్మ, ఎర్రరంగు మరకలున్న తన రుమాలును దర్శకుడి చేతిలో పెట్టి, "ఈసారి నేను చావను బాబూ" అనేసి రిహార్సల్ గది మెట్లు దిగి వెళ్ళిపోయింది. అది మామూలు రుమాలు కాదు. దగ్గు తెర వచ్చినప్పుడు నోటికి అడ్డం పెట్టుకుని, ఆనక విప్పి చూసుకుని, కొడుకు చూడకుండా దిండు కింద దోపేసే రుమాలు. సామాన్ల గదిలో దానికంటూ ఒక డబ్బా ఉంది, ఆ డబ్బా మీద ఆమె ముద్దుపేరు ఉంది. ఎన్నో సినిమాల నుంచి అది ఆమెతోపాటు తిరుగుతోంది. దాన్ని తిరిగిచ్చేయడమంటే సినిమా వాళ్ళ భాషలో కయ్యానికి కాలు దువ్వడమే.

గోడలకి చెవులుంటాయంటారు. సినిమా వాళ్ళ గోడలకి కాళ్ళు కూడా ఉంటాయి. సాయంత్రానికల్లా కబురు నిర్మాత ఇంటికి చేరిపోయింది. పెద్దాయన అని అందరూ పిలుచుకునే ఆ నిర్మాత కోప్పడలేదు, కేకలెయ్యలేదు. ఒక్క మాట పంపాడు.

"రేపటి రిహార్సల్లో ఆవిడ చస్తే ఉంటుంది. చావకపోతే పోతుంది."

దగ్గులమ్మ తెల్లవారి లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. ఆమె భర్త కాఫీ కలుపుతున్నాడు. ఈయన గురించి కొత్తగా చెప్పేదేముంది! విలన్ వేషాల కోరమీసం అంటే పసిపిల్లలు కూడా ఉలిక్కిపడతారు. తెర మీద ఊళ్ళు తగలబెట్టిన మనిషి, వంటింట్లో బొద్దింక కనబడితే స్టూలెక్కి భార్యని పిలుస్తాడు. సగం సినిమాల్లో ఆమెని చంపింది ఈయనే. చంపిన రోజు ఇంటికొచ్చి, అడక్కుండానే ఆమె తలకి నూనె రాసేవాడు.

"ఏమోయ్, వెళ్తున్నావా, మానేస్తున్నావా?" అన్నాడు కప్పు అందిస్తూ.

"వెళ్తాను. చావను."

"పెద్దాయన పట్టిన పట్టు విడిచే రకం కాదు."

"నేనూ కాదు. మీకు తెలీదేంటండీ? ఇంటర్వెల్ తర్వాత సినిమా అంటే ఏంటో ఇన్నేళ్ళలో నాకు తెలీదు. మీరందరూ కొండల్లోకి, సముద్రాల దగ్గరికి క్లైమాక్స్ తియ్యడానికి పోతారు. ఆఖరి రోజు అందరూ కలిసి ఫొటో దిగుతారు. ఒక్క ఫొటోలోనైనా నేనున్నానా? నా వంతు ఫొటో ఒకటే. గోడకి తగిలించేది. హీరో కుర్రాడు దాని ముందు నిలబడి డైలాగులు చెప్పేది. ఒక్కసారి, ఒక్క సినిమాలో నేను ఆఖరి దాకా ఉండాలి. ఆ తర్వాత మానేయమన్నా మానేస్తాను."

కోరమీసం ఆమె తాగేసిన కప్పు కడిగి బోర్లించాడు. "నీకన్నా నా బతుకేం గొప్ప? నువ్వు పోతే హాలు హాలంతా ముక్కు చీదుతారు. నేను పోతే ఈలలేస్తారు. ఇన్నిసార్లు చచ్చానా, ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అయ్యో అన్నారా?" అని నవ్వేశాడు. ఆ నవ్వు సినిమా నవ్వు కాదు. దగ్గులమ్మ ఆయన ముఖంలోకి ఓ క్షణం ఎక్కువే చూసింది.

రిహార్సల్ గది స్టూడియోలో వడ్రంగుల షెడ్డు పైన ఉంది. కింద సెట్టు గోడలకి మేకులు కొడుతుంటే పైన నేల అదురుతుంది. గదిలో ఒక పొడుగాటి బల్ల, మూలన నీళ్ళ కూజా, కొన్ని మడత కుర్చీలు. ప్రతి కుర్చీ వీపుకీ ఒక కాగితం అతికించి ఉంది: హీరో, అమ్మ, విలన్, అనుచరుడు. దర్శకుడు నాటకాల్లోంచి వచ్చినవాడు. షూటింగుకి ముందు రోజు ఒకరి కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి సీను చదివించడం అతని పద్ధతి. ఎదుటివాడి కుర్చీలోంచి చూస్తేనే తన పాత్ర ఎలా ఉందో తెలుస్తుందంటాడు. యూనిట్ వాళ్ళు దానికి తారుమారు అని పేరు పెట్టారు. అందరూ తారుమారుకి ఒప్పుకున్నారు గాని, హీరో బాబు మాత్రం తన కుర్చీ వదలడు. హీరో లేచిన కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే ఏమవుతుందోనని ఆయన భయం ఆయనది.

దగ్గులమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే పక్క గదిలోంచి దగ్గు వినబడింది. ఖళ్ళు ఖళ్ళుమని ఆగి, మళ్ళీ ఖళ్ళుమంది.

"ఎవరికి బాగాలేదు?" అంది ఆమె.

దర్శకుడు నేల చూపులు చూశాడు. పాపం అతను అడకత్తెరలో పోకచెక్క. "ఇంకో అమ్మగారిని పిలిపించారండీ. అవసరం పడుతుందేమోనని. ప్రాక్టీసు చేసుకుంటున్నారు."

దగ్గులమ్మ పక్క గది తలుపు వైపు తిరిగింది. తన స్థానం ఇంకా ఖాళీ కానే లేదు, అప్పుడే పక్క గదిలో దగ్గుతోంది! చెవి ఒగ్గి విన్నది. దగ్గు బాగానే ఉంది. కొంచెం పొడి దగ్గు, అంతే. అది గమనించినందుకు తన మీద తనకే నవ్వొచ్చింది.

పెద్దాయన బల్ల చివర కూర్చుని ఉన్నాడు. ముందు ఎర్రమరకల రుమాలు మడతపెట్టి ఉంది.

"రామ్మా," అన్నాడు మర్యాదగానే. "నాకు నీ మీద కోపం లేదు. కథ సంగతి చెబుతా, విను. అమ్మ పోతేనే కొడుక్కి కోపం వస్తుంది. కోపం వస్తేనే సినిమా ముందుకి నడుస్తుంది. అమ్మ బతికుంటే ఏమవుతుంది? వాడు భోంచేసి పడుకుంటాడు. చూసేవాళ్ళూ పడుకుంటారు."

గదిలో కొందరు నవ్వారు. దగ్గులమ్మ నవ్వలేదు.

"కోపం రావాలంటే నేనే చావాలా అండీ?"

"మరింకెవరు? హీరో గెలవాలి. స్నేహితుడు నవ్వించాలి, తూటా వస్తే అడ్డం పడాలి. అమ్మ చావాలి. విలన్ చంపి తను చావాలి. మంచానికి నాలుగు కోళ్ళు. ఇన్నేళ్ళుగా ఈ మంచం మీదే మనమందరం పడుకున్నాం. ఒక కోడు తీసేస్తానంటే ఎట్లా?"

కింద సుత్తి దెబ్బలు టకటకమన్నాయి. దగ్గులమ్మ వాటిని కాసేపు విన్నది. ఆమెకి ఒక్కసారిగా భయం పోయింది. పోగొట్టుకునేది ఎలాగూ పక్క గదిలో దగ్గుతూనే ఉంది.

"తీసెయ్యమని నేననడం లేదు. ఇటు కోడు అటు, అటు కోడు ఇటు బిగించి చూడండి. ఇవాళ తారుమారే కదా! నా కుర్చీ నేను ఎంచుకుంటాను" అని గబగబా నడిచి వెళ్ళి, విలన్ అని రాసి ఉన్న కుర్చీలో కూర్చుంది.

అది తన భర్త కుర్చీ. అందరి కళ్ళూ కోరమీసం మీదికి తిరిగాయి. ఆయన మీసం ఒకసారి సవరించుకుని, భార్యని చూసి, వెళ్ళి అమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"అమ్మ అయితే మీసాలు బాగుండవు గాని, నాన్న అనుకోండి" అన్నాడు.

పెద్దాయన మొహం చిట్లించాడు గాని, తారుమారు దర్శకుడి పద్ధతి. తనే ఒప్పుకున్న పద్ధతి. "కానివ్వండి. సరదా తీర్చుకోండి. అయ్యాక ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని చదవాలి" అన్నాడు.

సీను చిన్నదే. రేవులో గోదాముల యజమాని, హీరో వాళ్ళింటికి వస్తాడు. గోదాముకి నిప్పు పెట్టించింది ఆ యజమానేనని హీరో సాక్ష్యం చెప్పబోతున్నాడు. యజమాని అరుస్తాడు, బెదిరిస్తాడు, తుపాకీ తీస్తాడు. అమ్మ అడ్డం వస్తుంది, పోతుంది. పోతూ పోతూ కొడుకుని "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది. ఈ చివరి మాట దగ్గులమ్మ అన్ని సినిమాల్లోనూ అన్నదే. జనం ఆ మాట కోసం ఎదురుచూస్తారు.

చదవడం మొదలైంది. తలుపు చప్పుడు విని అమ్మ కుర్చీలో ఉన్నవాళ్ళు "ఎవరు బాబూ? లోపలికి రండి" అనాలి. కోరమీసం గొంతు సవరించుకుని, "ఎవర్రా అది? లోపలికి రా!" అని గర్జించి, అలవాటుకొద్దీ భళ్ళున నవ్వాడు. కిందనున్న వడ్రంగులు కూడా సుత్తులు ఆపారు. గదిలో నవ్వులే నవ్వులు. పెద్దాయన చంకలు గుద్దుకున్నాడు. "చూశారా! ఎవరి కుర్చీ వాళ్ళదే" అన్నాడు.

కోరమీసం చెవుల దాకా ఎర్రబడి, "ఇంకొక్కసారి" అన్నాడు. ఈసారి ఎవరో ముసలాయన గుమ్మం దాకా కష్టపడి వచ్చినట్టు మెల్లగా, "ఎవరు బాబూ? లోపలికి రండి" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

దగ్గులమ్మ లేచింది. కాగితం చేతిలో ఉంది గాని చూడలేదు. నీ అంతు చూస్తాను, నీ వంశం లేకుండా చేస్తాను అన్న మాటలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. హీరో బాబు ఎదురుగా వెళ్ళి నిలబడింది. బిడ్డ బడి నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు అమ్మలు ఎలా చూస్తారో అలా చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు, గొంతులో కాఠిన్యం లేదు. అన్ని సినిమాల్లోనూ వాడిన గొంతే అది.

"చిక్కిపోయావు," అంది. "సాక్ష్యం అంటే మాటలా? కోర్టు చుట్టూ తిరగాలి. ఇంటి దగ్గర మీ నాన్న ఒక్కడే ఉంటాడు. ఎవరు చూస్తారు?" చెయ్యి చాచి అతని చొక్కా కాలరు మడత సరిచేసింది. గుండీ పెట్టింది. "తిన్నావా నాన్నా?"

అంతే. ధడేలుమని కుర్చీ విరిగిన చప్పుడైంది.

తూటా నేల మీద పడి ఉన్నాడు. తూటా అంటే మన హాస్యనటుడే. ప్రతి సినిమాలోనూ హీరో స్నేహితుడై, హీరోకి రావలసిన తూటా తను తిని, చచ్చే ముందు ఒక జోకు వేస్తాడు కాబట్టి ఆ పేరు. ఎక్కడ తుపాకీ లేచినా వాడి కాళ్ళు వాటంతటవే గెంతుతాయి. ఈ సీన్లో స్నేహితుడు లేడని వాడిని విలన్ అనుచరుడి కుర్చీలో కూర్చోబెట్టారు. అంటే హీరోని కాపాడటం కాదు, కదలకుండా పట్టుకోవడం వాడి పని. అలాంటిది తన యజమానురాలి మీదికే దూకి, హీరో బాబుకి అడ్డంగా పడ్డాడు.

"ఏమైందిరా నీకు?" అన్నాడు దర్శకుడు.

"ఏమో సార్. ఆవిడ కాలరు పట్టుకుంది. నాకు, వీడు ఐపోయాడు అనిపించింది. కాళ్ళు ఆగలేదు" అన్నాడు తూటా, మోచెయ్యి రాసుకుంటూ.

"ఆవిడ చేతిలో తుపాకీ ఏదిరా?"

తూటా చూశాడు. ఆమె చేతిలో ఏమీ లేదు. గదిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు.

దగ్గులమ్మ సీన్లోంచి బయటికి రాలేదు. వంగి తూటాని లేవదీసి, దుమ్ము దులిపి, "దెబ్బ తగిలిందా అమ్మా?" అంది. తూటా అడుగు వెనక్కి వేశాడు. "పో, వాళ్ళ నాన్నకి మంచినీళ్ళు ఇవ్వు. గొంతు ఆరిపోయినట్టుంది."

ఆ నీళ్ళలో విషం ఉందని తూటాకి అర్థమైంది. గదిలో అందరికీ అర్థమైంది. కూజాలోంచి గ్లాసులోకి వంచుతుంటే సగం నీళ్ళు బల్ల మీద పోయాయి. కోరమీసం గ్లాసు అందుకుని భార్య కళ్ళలోకి చూశాడు. తర్వాత కొడుకు వైపు చూసి, ఏమీ లేదులే అన్నట్టు తలూపి తాగేశాడు.

అప్పుడు దగ్గాడు. ఆ దగ్గు ఎవరిదో ఆమెకి వెంటనే తెలిసింది. అది తనదే. ఇన్నేళ్ళుగా ఇంట్లో అద్దం ముందు తను ప్రాక్టీసు చేస్తుంటే, పక్కగదిలో పేపరు చదువుకుంటున్నాడనుకున్న మనిషి అంతా విన్నాడన్నమాట. పైకి లేచి, ఆగి, లోపల్లోపల విరిగే దగ్గు. ఆయన బల్ల మీద రుమాలు తీసుకుని నోటికి పెట్టుకున్నాడు. విప్పి చూసుకున్నాడు. కొడుకు చూడకుండా పిడికిట్లో దాచుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, మరి కదల్లేదు.

గుమ్మం దగ్గర ఎవరో వెక్కారు. అందరూ తిరిగి చూశారు. పక్క గదిలో దగ్గుతున్న ఇంకో అమ్మ! మేకప్ సగంలో ఉంది. రెండు కళ్ళ నుంచీ నీళ్ళు ధారగా కారి, పూసిన పౌడరు చారలు కట్టింది. "క్షమించండి. గ్లిజరిన్ కన్నీళ్ళు కాదు, నిజంగానే ఏడుపొచ్చేసింది" అంది ముక్కు తుడుచుకుంటూ.

చచ్చిపోయిన కోరమీసం ఒక కన్ను తెరిచాడు. "నా కోసమేనా అమ్మా?" అన్నాడు.

"మీ కోసమేనండీ."

ఆ భయంకరమైన విలన్ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిజంగానే ఏడ్చేశాడు. దగ్గులమ్మకి తను గెలిచానో లేదో అప్పటికి తెలీదు గాని, ఇంటాయన గెలిచాడని మాత్రం తెలిసిపోయింది. ఆ సంతోషం ఆమె మొహంలో దాగలేదు.

పెద్దాయన లేచాడు. నడిచి వచ్చి, అమ్మ అని రాసిన కాగితం కుర్చీ వీపు నుంచి పీకాడు. దాన్ని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నా జన్మలో," అన్నాడు పెద్దాయన, "ఒక గుండీ పెడితే నాకు చెమట పట్టడం ఇదే మొదలు." నుదురు తుడుచుకున్నాడు. "కోళ్ళు మార్చి బిగించినా మంచం నిలబడిందమ్మా. నాన్న పోతాడు. కొడుక్కి కోపం వస్తుంది. సినిమా నడుస్తుంది. గోదాముల యజమానురాలివి నువ్వే. మాటిస్తున్నాను."

గది ఒక్కసారిగా హోరెత్తింది. తూటా విరిగిన కుర్చీ కాలు నెత్తి మీద తిప్పుతూ గంతులేశాడు. కెమెరామన్ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "క్లైమాక్స్ సముద్రం దగ్గర అమ్మగారూ, చలికి శాలువా తెచ్చుకోండి" అన్నాడు. ఆ చిన్న మాటకి ఆమెకి కళ్ళు చెమర్చాయి. శాలువా తెచ్చుకోమని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు మరి.

"మరి నన్నెందుకు పిలిపించినట్టు?" అంది గుమ్మంలోని అమ్మ, చారల మొహంతో.

"నాన్న పోతే ఏడవడానికి అమ్మ ఉండద్దూ?" అంది దగ్గులమ్మ, ఆమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొస్తూ. "రా అక్కా. నువ్వూ చావక్కర్లేదు. ఆఖరి ఫొటోలో నా పక్కన నిలబడు."

అందరూ నవ్వుతున్నారు, ఒక్క మనిషి తప్ప. హీరో బాబు తన కుర్చీలో అలాగే కూర్చున్నాడు. ఆమె పెట్టిన గుండీని వేళ్ళతో తడుముకుంటున్నాడు. కథ కాగితాలు దగ్గరికి లాక్కుని, చివరి పేజీ తిప్పాడు.

"అంతా బాగుంది," అన్నాడు. "ఇక్కడ విలన్ని నేను కొట్టి కొట్టి సముద్రంలో పారేస్తానని రాసుంది. ఎన్ని సినిమాల్లో నేను ఈవిడ కొడుకుని? ఈవిడ మీద చెయ్యెత్తితే జనం నన్ను బతకనిస్తారా? హాళ్ళలో కుర్చీలు మిగులుతాయా?"

గోల చల్లారింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంటర్వెల్లో బతికిన మనిషి క్లైమాక్స్‌లో చావాలి. విలన్ కదా!

దర్శకుడు భయం భయంగా దగ్గులమ్మ వైపు తిరిగాడు. "చివర్లో విలన్ పోవాలి కదండీ, అమ్మగారూ. ఎలాగంటారు?"

"నేను చావనని ముందే చెప్పాను బాబూ" అంది దగ్గులమ్మ. "పెద్దాయన మాట కూడా ఇచ్చారు."

"మరి మీరు చావకపోతే," హీరో బాబు గొంతు కొంచెం పైకి లేచింది, "ఆఖర్న ఎవరు చావాలి?"

దగ్గులమ్మ తొందరపడలేదు. విలన్ కుర్చీలో తీరిగ్గా కూర్చుంది. అతన్ని తల నుంచి కాళ్ళ దాకా ప్రేమగా చూసింది.

"తిన్నావా, నాన్నా?"